256 గళ్ళ దూరం

మా నాన్న పోయిన ఏడాదికి, ఆయన పేరున ఉన్న ఎకరం చిల్లర పల్లపు భూమిని అమ్మ పేరుకు మార్పించుకోవడానికి మేము పెట్టిన దరఖాస్తు తిరిగి వచ్చింది. కారణం ఒక్క వాక్యంలో ఉంది: దస్త్రాల్లోని పేర్లు సరిపోలడం లేదు. మేము జతచేసినవి మూడు కాగితాలు. అన్నదమ్ములు పెద్దమనుషుల ఎదుట రాసుకున్న పంపకాల కాగితం తెలుగులో ఉంది. భూమి పట్టా ఒడియాలో ఉంది. గుర్తింపు కార్డు మీద పేరు ఇంగ్లీషులో ఉండి, దాని కింద ఆ ఇంగ్లీషు స్పెల్లింగు నుంచి యంత్రం దించిన ఒడియా రూపం ఉంది. నాన్న పేరు ‘ఎ’తో మొదలవుతుంది. ఒడియాలో హ్రస్వమైన ఎకారానికి వేరే అక్షరం లేదు కనుక పట్టాలో అది ‘ఏ’ అయింది. ఎర్ర, ఎల్లమ్మ వంటి పేర్లను ఇంగ్లీషులో ‘వై’ అక్షరంతో మొదలుపెట్టడం మనవాళ్ళకు పాత అలవాటు కనుక కార్డు మీద ‘వై’ పడింది. యంత్రం దాన్ని ‘య’ చేసింది. మధ్యలో ఉన్న ‘వ’ ఒకచోట ‘బ’గాను, ఇంకొకచోట ‘భ’గాను మారింది. ద్విత్వం తెలుగు కాగితంలో నిలిచి, మిగిలిన రెండింటిలో రాలిపోయింది. అరవై ఏళ్ళు ఆ ఒక్క చేనునే సాగుచేసుకున్న మనిషి ఈ లెక్కన ముగ్గురు మనుషులయ్యాడు.

నాన్న దస్తావేజులు రాసేవారు. ఒడిశా సరిహద్దు పట్టణం పర్లాకిమిడిలో నలభై ఏళ్ళకు పైగా అదే ఆయన వృత్తి. అమ్మకం, తాకట్టు, దానపత్రం, పంపకం, ఏదైనా సరే మనిషిని ఎదుట కూర్చోబెట్టుకుని, పేరు రెండుసార్లు పలికించుకుని, ఇంటిపేరు అడిగి, తండ్రి పేరు అడిగి, ఊరు అడిగి, అప్పుడు కలం పట్టేవారు. తెలుగు మనిషి పేరును ఒడియాలో రాసేటప్పుడు పక్కనే కుండలీకరణాల్లో తెలుగు అక్షరాల్లోనూ రాసేవారు. అది చట్టం అడిగినది కాదు, ఆయన పద్ధతి. “రేపు ఈ కాగితం చూసేవాడికి ఈ మనిషి గొంతు వినబడాలమ్మా” అని నాకు చెప్పారు. అటువంటి మనిషి పేరే ఆయన పోయాక కాగితాల్లో కలవకుండా పోయింది. నేను ఈ వ్యాసం రాయడానికి అదే మొదటి కారణం. అయితే మా ఇంటి కష్టం చెప్పుకోవడం దగ్గర ఆగిపోవాలని నాకు లేదు, ఎందుకంటే నాన్న వృత్తికి కొనసాగింపుగా ముప్పై ఏళ్ళుగా నేను నడుపుతున్న టైపింగు, డీటీపీ దుకాణంలో ఈ కష్టాన్ని వారానికి నలుగురైదుగురి ముఖాల్లో చూస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. రెండు భాషలు కలిసి బతికే చోట ఒక మనిషి పేరు రెండు లిపుల్లో రెండు రకాలుగా కనబడటం తప్పు కాదు, అది ఆ చోటి సహజ లక్షణం. దాన్ని తప్పుగా లెక్కించే యంత్రాన్ని పెట్టుకోవడమే తప్పు. ఆ తప్పు దిద్దుకోలేనిది కూడా కాదు; దిద్దుకోవడానికి కావలసిన సామగ్రి ఈ దేశంలో నేను దుకాణం పెట్టక ముందు నుంచే ఉంది.

మా ఊరి సంగతి తెలియని వారి కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1936 ఏప్రిల్ 1 వరకు పర్లాకిమిడి మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లాలో ఉండేది. ఆ రోజున ఒరిస్సా వేరే రాష్ట్రంగా ఏర్పడింది, పర్లాకిమిడి పట్టణం అందులోకి వెళ్ళింది, జమీందారీ మాత్రం రెండుగా చీలి కొంత భాగం మద్రాసు వైపే మిగిలింది. మహేంద్రతనయ నది పక్కనున్న పాతపట్నం ఇప్పుడు ఆంధ్రప్రదేశ్, మేము ఒడిశా. 1992 నుంచి మాది గజపతి జిల్లా. మా పట్టణపు రాజు కృష్ణచంద్ర గజపతి 1937లో కొత్త రాష్ట్రానికి మొదటి ప్రధాని అయ్యారు (ముఖ్యమంత్రిని అప్పట్లో అలా పిలిచేవారు). ఆ సరిహద్దు గీత గీసిన 1936లోనే, ఇదే ఊళ్ళో అర్ధశతాబ్దం పైగా బతికిన గిడుగు వెంకట రామమూర్తి గారు ఊరు విడిచిపెట్టి రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికి ఆయనకు 73వ ఏడు. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపడాన్ని వ్యతిరేకించి వెళ్ళారని తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము కూడా. ప్రజలు మాట్లాడే భాషలోనే రాయాలని ఆయన పోరాడకపోయి ఉంటే నేను ఈ వాక్యాన్ని ఈ రూపంలో రాసి ఉండేదాన్ని కాదు.

కాని మా ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషిగా నాకు ఆయన జీవితంలో అంతకంటే దగ్గరగా తోచే భాగం వేరొకటి ఉంది. కొండల మీది సవరల భాషను ఆయన నేర్చుకున్నారు. రాత లేని ఆ భాషకు తెలుగు లిపిలో వాచకాలు తయారుచేశారు. అడవుల్లో తిరిగి జ్వరాలు తెచ్చుకుని, మందుగా వాడిన క్వినైను వల్ల వినికిడి పోగొట్టుకున్నారని పెద్దలు చెబుతారు. ధ్వనుల మీద పనిచేసే మనిషికి చెవులే దూరమయ్యాయి; అయినా 1931లో సవర భాషా వ్యాకరణాన్ని, ఊరు విడిచాక 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును మద్రాసు ప్రభుత్వం ద్వారా వెలువరించారు. ఒక మనిషి నోటి నుంచి వచ్చిన ధ్వనిని అది ఏ భాషదైనా సరే పొల్లుపోకుండా కాగితం మీదికి దించాలన్న పట్టుదల ఆయనది. నాన్న కలానికి ఆ పట్టుదల ఈ ఊరి గాలిలోంచే అంది ఉంటుందని నేను నమ్ముతాను.

1936లోనే మరొకటి జరిగింది. గుణుపురం ప్రాంతంలో మంగేయి గొమాంగో అనే సవర పెద్దమనిషి తన భాషకు సొంతంగా ఒక లిపిని రూపొందించారు. 24 అక్షరాల ఆ లిపి పేరు సొరాంగ్ సొంపెంగ్. అంటే ఒకే సంవత్సరంలో మాకు ఒక గీత వచ్చింది, ఒక పండితుడు వెళ్ళిపోయారు, ఒక లిపి పుట్టింది. ఈ మూడూ పేర్లకు సంబంధించినవే. ఎవరి పేరు ఏ అక్షరాల్లో రాయాలి, ఆ రాతను ఎవరు చదవగలరు, చదవలేనివాడు ఎవరి దయ మీద ఆధారపడాలి అన్న ప్రశ్న ఆనాటి నుంచి ఈనాటి వరకు మా ఇళ్ళల్లో ఆగకుండా నడుస్తూనే ఉంది.

సాంకేతికత మా ఊరికి కొత్త కాదు. 1900లోనే నౌపడా నుంచి పర్లాకిమిడికి 25 మైళ్ళ చిన్న రైలు వచ్చింది. రాజావారు సొంత ఖర్చుతో వేయించిన రెండున్నర అడుగుల గేజి దారి అది, 1931కి గుణుపురం దాకా పొడిగింది. చిన్నప్పుడు అమ్మమ్మ గారి ఊరికి టెక్కలి వెళ్ళడానికి ఆ బండే ఎక్కేవాళ్ళం. పొలాల మధ్య నడిచే మనిషితో సమానంగా పోయేదని పెద్దలు చెప్పుకునే ఆ బండిలో పాతపట్నం దాటినప్పుడల్లా రాష్ట్రం మారేది, ఆ సంగతి బండిలో ఎవరికీ పట్టేది కాదు. టికెట్టు కొనేటప్పుడు పేరు అడిగేవారు కారు. 2004లో ఆ దారి మూసి, పెద్ద గేజికి మార్చి, మళ్ళీ తెరిచారు; ఇప్పుడు బండి వేగంగా పోతుంది. పాత బండి పోయిందని నేను బాధపడటం లేదు. మనిషిని పేరు అడగకుండా మోసిన యంత్రాన్ని చూసి పెరిగాను కనుక, పేరు అడిగే యంత్రం ఎదుట నిలబడినప్పుడు ఆ తేడా నాకు ముందుగా కనబడుతుంది. పేరు అడగడం తప్పు కాదు. అడిగినవాడు వినాలి.

నేను టైపు నేర్చుకున్నది తెలుగు టైపుమిషను మీద. తరువాత ఇంగ్లీషు, ఆ తరువాత కంప్యూటరు. తొంభైల్లో దుకాణం తెరిచినప్పుడు పెళ్ళి శుభలేఖలే మాకు ఆధారం. పెళ్ళికొడుకు వాళ్ళు మెళియాపుట్టి వైపు తెలుగువాళ్ళు, పెళ్ళికూతురు వాళ్ళు మోహన వైపు ఒడియావాళ్ళు, లేదా ఇద్దరూ తెలుగువాళ్ళే అయినా బంధువుల్లో సగం మందికి తెలుగు చదవడం రాదు. కనుక ఒకే కార్డులో ఎడమ వైపు తెలుగు, కుడి వైపు ఒడియా వేసేవాళ్ళం. అప్పటి ఫాంట్లలో తెలుగు అక్షరమైనా ఒడియా అక్షరమైనా ఇంగ్లీషు అక్షరాల గళ్ళల్లో దొంగతనంగా కూర్చునేవి. తెరమీద ‘క’ కనబడుతున్నా లోపల ఏదో ఇంగ్లీషు అక్షరమే ఉండేది. ఫాంటు మారితే పేరు మాయమై పిచ్చిగీతలు మిగిలేవి. ఆ రోజుల్లో కంప్యూటరుకు నిజంగా తెలుగూ రాదు, ఒడియా కూడా రాదు. అది బొమ్మలు గీసేది, మేము చదువుకునేవాళ్ళం.

ఒక్కొక్క భాష అక్షరాలకు కంప్యూటరులో సొంత అంకెలు, అంటే సొంత గళ్ళు, ఇచ్చే యూనికోడు వచ్చాక ఆ పరిస్థితి మారింది. 1991లో వెలువడిన మొదటి రూపంలోనే తెలుగు, ఒడియా వంటి ప్రధాన భారతీయ లిపులకు 128 గళ్ళ చొప్పున కేటాయించారు. సాధారణ కంప్యూటర్లలోకి అది దిగి రావడానికి మరో పదేళ్ళు పట్టింది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో తెలుగు వచ్చింది, ఒడియా మాత్రం దాని తరువాతి విండోస్ విస్టా వచ్చే దాకా ఆగింది. అంటే కొన్నేళ్ళ పాటు మా ఊరి అధికార భాషకు లేని సౌకర్యం మా ఇంటి భాషకు ఉండేది. ఒడియా పిల్లలు దుకాణానికి వచ్చి “అపా, మా భాష ఎప్పుడొస్తుంది?” అని అడిగేవారు. శ్రీకాకుళం వైపు మేము అక్కను అప్ప అంటాము, ఒడియా వాళ్ళు అపా అంటారు. నన్ను రెండు రకాలుగానూ పిలుస్తారు, రెండింటికీ పలుకుతాను. ఇద్దరు వేరు వేరు మనుషులను పిలుస్తున్నారని నాకు ఏనాడూ అనిపించలేదు.

ఆ గళ్ళ అమరిక గురించి తెలిసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. మా తమ్ముడి కొడుకు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తాడు. దసరాకు వచ్చినప్పుడు దుకాణంలో కూర్చుని, “అత్తా, తెలుగు ‘క’ ఎన్నో గడిలో ఉందో తెలుసా? 3093. ఒడియా ‘క’ 2837లో ఉంది. తీసివేసి చూడు” అన్నాడు. 256 వచ్చింది. ‘గ’కు చూశాము, 256. ‘మ’కు చూశాము, 256. రెండు లిపుల్లోనూ ఉన్న ఏ అక్షరానికి చూసినా దాదాపు అదే దూరం. ఈ లిపులు ఒకే వర్ణమాల క్రమం నుంచి వచ్చాయి కనుక గళ్ళను కూడా అదే వరుసలో పేర్చారు. తెలుగు పేరును ఒడియా లిపిలోకి మార్చడమంటే మౌలికంగా ఒక్క తీసివేత లెక్క. నాన్న నలభై ఏళ్ళు చేసిన పనిలో సగానికి సగం ఆ ఒక్క అంకెలో ఉంది.

మిగతా సగం ఖాళీ గళ్ళలో ఉంది. తెలుగు ‘ఎ’కు సరిగ్గా 256 గళ్ళ వెనక ఒడియా వరుసలో ఏమీ లేదు, ఖాళీ. ‘ఒ’కు అంతే. బండి ‘ఱ’కు అంతే. ఎత్వం, ఒత్వం గుర్తులకూ అంతే. ఒడియావాళ్ళకు ఆ హ్రస్వాలు వేరుగా అక్కరలేదు కనుక ఆ చోట్లు వదిలేశారు. ఒడియాలో డ కింద చుక్క పెట్టి పలికే అక్షరం మనకు లేదు. వాళ్ళు ‘య’ను రెండు రకాలుగా రాస్తారు, అందులో ఒకటి ‘జ’లా పలుకుతుంది. మన ‘వ’ వాళ్ళ రాతలో ‘బ’ వైపు జరుగుతుంది. నాన్న పేరు సరిగ్గా ఈ ఖాళీ గళ్ళల్లోనే జారిపడింది. అయితే ఇవి లెక్కలేనన్ని కావు. ఒక తెల్లకాగితం మీద రాస్తే అరపేజీ దాటవు. ఈ అరపేజీ నియమాలను యంత్రానికి నేర్పితే ఆ మూడు కాగితాల మీది మనిషి ఒక్కడే కావచ్చునని అది చెప్పగలదు.

ఇది ఒక దుకాణదారు ఊహ కాదని చెప్పడానికి రెండు పాత సంగతులు చాలు. మొదటిది మన దేశానిదే. యూనికోడుకు ముందు భారత ప్రభుత్వం ఇస్కీ అనే సంకేత పద్ధతిని తయారు చేయించింది. 1991లో అది భారతీయ ప్రమాణమయింది. అందులో తెలుగు, ఒడియా, తమిళం వంటి లిపులన్నిటికీ కలిపి ‘క’ ఒక్కటే, దాని అంకె 179. ఆ ‘క’ను తెలుగులో చూపాలా, ఒడియాలో చూపాలా, తమిళంలో చూపాలా అన్నది తెర తేల్చుకునే విషయం. హ్రస్వమైన ఎకారానికి కూడా అందులో సొంత చోటు ఉంది. అంటే పేరును ఒక్కసారి ధ్వనిగా దాచిపెట్టి, చదివేవాడికి వచ్చిన లిపిలో చూపించాలన్న ఆలోచన ముప్పై ఏళ్ళకు పూర్వమే ఈ దేశంలో అమలైంది. ఇన్‌స్క్రిప్టు కీబోర్డు కూడా అదే ఆలోచన నుంచి వచ్చింది. ఏ భాషకు పెట్టుకున్నా ‘క’ ఇంగ్లీషు ‘కె’ మీటలోనే ఉంటుంది. తెలుగు ఇన్‌స్క్రిప్టు వచ్చిన నేను ఒడియా టైపింగు కోసం వేరే ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నా వేళ్ళకు రెండు భాషలూ ఒకటే.

రెండవది అమెరికాది. వినడానికి ఒకేలా ఉన్న పేర్లు ఒక్కొక్క దస్త్రంలో ఒక్కొక్క స్పెల్లింగుతో ఉంటే వెతకడం ఎలాగని ఆలోచించి, రాబర్ట్ రస్సెల్ అనే ఆయన 1918లో సౌండెక్స్ అనే పద్ధతికి పేటెంటు పొందాడు. తరువాత వాడుకలో స్థిరపడిన రూపంలో ఆ పద్ధతి పేరులోని అచ్చులను వదిలేసి, దగ్గరి ధ్వనులున్న హల్లులన్నిటికీ ఒకే అంకె ఇస్తుంది. ‘బి’, ‘పి’, ‘ఎఫ్’, ‘వి’ నాలుగింటికీ అంకె 1. పక్కపక్కన ఒకే అక్షరం రెండుసార్లు వస్తే ఒకసారిగానే లెక్క. మా ‘వ–బ’ తగాదా, మా ద్విత్వం తగాదా రెండూ కంప్యూటర్లు పుట్టక మునుపే, కార్డుల మీద పెన్సిలుతో రాసుకునే రోజుల్లోనే పరిష్కారమయ్యాయి. దాన్ని ఉన్నదున్నట్టుగా తెచ్చి ఇక్కడ పెట్టుకోమని నేను అనను, ఎందుకంటే ఆ పద్ధతి మొదటి అక్షరాన్ని మార్చకుండా ఉంచుతుంది, నాన్న పేరులో ‘ఎ’, ‘ఏ’, ‘వై’ అనే చిక్కంతా మొదటి అక్షరంలోనే ఉంది. మన పేర్లకు మన నియమాలు మనమే రాసుకోవాలి. చెప్పదలచింది ఏమిటంటే, యంత్రానికి చేతకాక ఈ పని ఆగలేదు.

మరి ఏమిటి ఆపింది? నాకు అర్థమైనంత వరకు, అక్షరం అక్షరం సరిపోలితేనే ఇద్దరూ ఒకరే అని తేల్చడం రాసేవాడికి అన్నిటికంటే సులువైన నియమం. ఒకే భాష ఉన్నచోట కూర్చుని దాన్ని రాసినవాడికి అది న్యాయంగానే తోచి ఉంటుంది. రెండు భాషల మధ్య బతికే మనిషి ఆ గదిలో లేడు. మా దరఖాస్తును తిప్పిపంపిన కార్యాలయంలో కూర్చున్న అమ్మాయికి మా నాన్న తెలుసు. ఆమె తాతగారి వీలునామా ఆయన చేతి రాతే. “పెద్దయ్య పేరని నాకు తెలుసు మావుసీ, ఈ కంప్యూటరు ఎర్ర గీత చూపిస్తోంది, నేనేం చేసేది?” అని ఆమె నిజమైన బాధతో అన్నది. తెలిసిన మనిషి చేతిని తెలియని నియమం కట్టేసిన సందర్భం అది. నాకు ఆమె మీద కోపం రాలేదు, ఇప్పటికీ లేదు.

ఇందుకు ఎదురు వాదం ఉంది, దాన్ని నేను తేలికగా తీసుకోను. పేర్ల విషయంలో సడలింపు ఇస్తే భూములు కాజేసేవాళ్ళకు తలుపు తెరిచినట్టవుతుందని అంటారు. నిజమే. కలం రాజ్యమేలిన రోజులు బంగారు రోజులేమీ కావు. అక్షరం రాని కొండవాళ్ళ పేరును కావాలని ఒక అక్షరం మార్చి రాసి, పదేళ్ళ తరువాత ఈ పట్టా నీది కాదన్న మనుషులున్నారు. అటువంటి కాగితాలు నాన్న నాకు చూపించారు, చూపించినప్పుడల్లా ఆయన గొంతు బొంగురుపోయేది. పైగా ఆయన విద్య ఆయనతోనే ఉండేది. ఆయన దగ్గరకు రాగలిగినవాడికే, రాతకూలి ఇచ్చుకోగలిగినవాడికే అందేది. కనుక యంత్రం వద్దని, పాత రోజులు తిరిగి రావాలని నేను కోరడం లేదు. యంత్రం ‘కావచ్చు’ అని చెప్పడం నేర్చుకోవాలి అంటున్నాను. మూడు పేర్లు ధ్వనిలో దగ్గరగా ఉన్నాయి, తండ్రి పేరు కలిసింది, ఊరు కలిసింది, సర్వే నంబరు కలిసింది. కనుక ఒక మనిషి చూసి తేల్చండి అని అది ఆ కార్యాలయపు అమ్మాయికి అప్పగించాలి. ఇప్పుడున్న ఎర్ర గీత మోసగాడిని ఆపడం లేదు, ఎందుకంటే వాడు కాగితాలన్నీ ఒకే స్పెల్లింగుతో తెచ్చుకుంటాడు. ఆగిపోతున్నది అసలు హక్కుదారు.

అందరూ ఒడియా స్పెల్లింగుకే మారిపోతే గొడవ ఉండదు కదా అని మరికొందరు అంటారు. మా పిల్లలు ఒడియా బడుల్లోనే చదువుకున్నారు, నేను ఒడియాలోనే లెక్కలు నేర్చుకున్నాను, ఆ భాష నాకు పరాయిది కాదు. పేరు మాత్రం చదువుతో వచ్చేది కాదు, నామకరణం నాడు తల్లి చెవిలో చెప్పినది. 2011లో రాష్ట్రమే తన పేరు రాసే తీరును ఇంగ్లీషులో మార్చుకుంది, ఒరిస్సా ఒడిశా అయింది. 96వ రాజ్యాంగ సవరణతో భాష పేరు కూడా ఒరియా నుంచి ఒడియాగా మారింది. అంత మాత్రాన పాత పేరున్న పట్టాలేవీ చెల్లకుండా పోలేదు, పోకూడదు కూడా. మా పట్టణాన్ని మేము పర్లాకిమిడి అంటాము, ఒడియాలో పారళాఖెముండి అంటారు, ఇది రెండు పట్టణాలని ఎవరూ వాదించరు. ఊరికి, రాష్ట్రానికి ఇచ్చిన వెసులుబాటు ఊళ్ళో ఉన్న మనిషికి ఇవ్వడానికి ఏమి అడ్డం?

ప్రస్తుతానికి ఉన్న దారి అఫిడవిట్టు. స్టాంపు కాగితం మీద, ‘ఈ మూడు పేర్లు గల వ్యక్తి ఒక్కరే’ అని ప్రమాణం చేసి నోటరీ చేయించుకోవాలి. అటువంటివి నేను కొన్ని వందలు టైపు చేశాను. అందులోంచి వచ్చిన డబ్బుతో ఇల్లు నడిచింది, అయినా ఆ కాగితం చేతికిచ్చేటప్పుడు నాకు మనసు ఒప్పదు. కాశీనగరం వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన, బస్సు ఖర్చుకు పక్కింట్లో అప్పు తెచ్చుకున్న మనిషి, నేను టైపు చేసినది చదివి వినిపించమన్నాడు. చదివాను. చాలాసేపు ఊరుకుని, “నాను నానే అని సెప్పుకోడానికి డబ్బులు కట్టాలేటమ్మా?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. ఆ రోజు ఆయన దగ్గర టైపింగు డబ్బులు తీసుకోలేదు, స్టాంపు కాగితానికి మాత్రం ఆయన కట్టక తప్పలేదు.

అమ్మ కూడా చివరికి అదే కాగితం మీద వేలిముద్ర వేసింది. సంతకం చేయగలదు, తెలుగులో చక్కగా చేస్తుంది. కాని తెలుగు సంతకాన్ని మళ్ళీ ఏ కాగితంతో పోల్చుతారోనని భయపడి వేలిముద్రే వేస్తానంది. నేను వద్దనలేకపోయాను. భూమి పేరు మారడానికి మొత్తం పద్నాలుగు నెలలు పట్టింది.

మాకే ఇలా ఉంటే కొండల మీదివాళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. సవర భాషలో గొంతులో ఠక్కున ఆగిపోయే ఒక ధ్వని ఉంది. తెలుగులో లేదు, ఒడియాలో లేదు. సవర స్త్రీ పేరు మొదట గుమస్తా చెవిలో ఒడియాగా మారి, ఒడియా నుంచి ఇంగ్లీషులోకి పోయి, ఇంగ్లీషు నుంచి యంత్రం ద్వారా తిరిగి ఒడియాలోకి వచ్చేసరికి, ఆమెను ఆ పేరుతో పిలిస్తే ఆమే పలకదు. సొరాంగ్ సొంపెంగ్ లిపికి 2012లో యూనికోడులో చోటు దొరికింది. పుట్టిన 76 ఏళ్ళకు యంత్రం లోపల దానికి గళ్ళు వచ్చాయి. ఆ గళ్ళు మన లిపుల మాదిరిగా ఒకే దూరంలో లేవు, ఉండే అవకాశమూ లేదు, ఎందుకంటే ఆ వర్ణమాల క్రమమే వేరు. అక్కడ తీసివేత లెక్క పనికిరాదు, పక్కన కూర్చుని వినవలసిందే, రామమూర్తి పంతులుగారు విన్నట్టు.

నాన్న పెట్టెలో ఒక పొడుగాటి లెక్కల పుస్తకం దొరికింది. అట్ట మీద ‘పేర్లు’ అని మాత్రమే రాసి ఉంది. ఎడమ వైపు తెలుగులో, కుడి వైపు ఒడియాలో, ఆయన వృత్తిలో ఎదురైన పేర్లు, ఇంటిపేర్లు, ఊళ్ళ పేర్లు వరుసగా రాసుకున్నారు. ‘ఎ’తో మొదలయ్యే పేర్లున్న పేజీ అంచున, ఒడియాలో దీర్ఘమైనా చదివేటప్పుడు హ్రస్వం అని ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకున్నారు. యంత్రానికి నేర్పాలని నేను చెబుతున్న అరపేజీ నియమాలు ఆ అంచుల్లో అక్కడక్కడ చెదిరి ఉన్నాయి. మేనల్లుడు ఒక చిన్న ప్రోగ్రాము రాసి పంపాడు, తెలుగు పేరు ఇస్తే ఒడియాలో రాగల రూపాలన్నీ చూపిస్తుంది. ‘వ’కు రెండు, ద్విత్వానికి రెండు, ఇలా ఒక్కొక్క పేరుకు ఆరు, ఎనిమిది, పన్నెండు. నేను రాత్రి దుకాణం కట్టేశాక ఆ పుస్తకాన్ని పేజీ వెంట పేజీ కంప్యూటరులోకి ఎక్కిస్తున్నాను. నాన్న రాసిన ఒడియా రూపం ప్రోగ్రాము చూపించిన వాటిలో ఉంటే పచ్చగా గుర్తు పెడతాను, లేకపోతే పంక్తిని ఆపి వాడికి ఫోను చేస్తాను.

ఇప్పటికి అరవై రెండు పేజీలయ్యాయి. నిన్న ఒక సవర స్త్రీ పేరు దగ్గర ఆగాను. తెలుగులో రాసి, రెండవ అక్షరం పక్కన నాన్న చిన్న చుక్క పెట్టారు, ఒడియా వైపు కూడా అదే చోట చుక్క పెట్టారు. కింద సన్నని అక్షరాలతో, ‘ఇక్కడ గొంతు ఆగుతుంది, మూడుసార్లు పలికించుకున్నాను’ అని రాసి ఉంది. ఆ చుక్కకు కీబోర్డులో ఏ మీట వాడాలో మేనల్లుడికీ తెలియలేదు. ఆదివారం సంతకు కొండల నుంచి వచ్చేవాళ్ళలో ఆ పేరున్నవాళ్ళెవరైనా ఉంటే దుకాణానికి పిలిచి పలికించుకోవాలని, ఆ పంక్తిని ఖాళీగా ఉంచాను.